పిట్టగోడ కబుర్లకు ఒక పావు పేజీ ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను నెల్లూరు మూలాపేటలో ఉంటాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మీ పేపరు ఎప్పటినుంచి చదువుతున్నానంటే, మొదట్లో ఆత్మకూరు సర్వీసులో ఎవరో సీట్లో వదిలేసి దిగిపోయిన పేపరు చదివేవాణ్ని. ఇప్పుడు డబ్బులిచ్చి తెప్పించుకుంటున్నాను కాబట్టి నాలుగు మాటలు రాసే హక్కు వచ్చిందనుకుంటున్నాను.

రెండు వారాల కిందట ఆదివారం సంచికలో మిద్దె తోటల మీద ఒక పేజీ వేశారు. ఫొటోలు బాగున్నాయి. కింద ఒక పట్టిక ఇచ్చారు. ఇన్ని కుండీలు పెడితే ఇన్ని కిలోల కూరగాయలు, నెలకు ఇంత ఆదా అని. మా ఆవిడ ఆ పట్టిక కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. అప్పటినుంచి పొద్దున కాఫీ ఇస్తూ ఒకసారి ఆ కాగితం వైపు, ఒకసారి నా వైపు చూస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

నేను లెక్కల మనిషిని. ఉద్యోగం చేసినన్నాళ్లూ డ్యూటీ దిగగానే టికెట్లూ డబ్బులూ సరిచూసి కట్టి, రూపాయి తక్కువైతే జేబులోంచి వేసినవాణ్ని. పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి ఈ ఏడాది మార్చి దాకా మా మిద్దె లెక్క కూడా అట్లాగే రాశాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, వేపపిండి, షేడ్ నెట్టు, రెండుసార్లు పగిలిన పైపు, కడియం నర్సరీల నుంచి మొక్కల లారీ వచ్చినప్పుడల్లా ఆశపడి కొన్నవి, అన్నీ కలిపి ఖర్చు 6,840 రూపాయలు. వచ్చిన వంకాయలు, టమాటాలు, గోంగూర, కరివేపాకు, నాలుగు పొట్లకాయలకు రైతు బజారు రేటు కడితే 3,115. షార్టేజి 3,725. ఇట్లాంటి లెక్క డిపోలో చూపిస్తే సస్పెండ్ చేసి ఇంటికి పంపేవాళ్లు. అయితే ఇందులో పూలు వేయలేదు. కబుర్లు అసలే వేయలేదు. మీ పట్టికలో కూడా వాటికి గడి లేదు. నా ఫిర్యాదు అదే.

మా వైపు ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మూలస్థానేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధులు తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. పిట్టగోడ మీదుగా చెయ్యి చాపితే పక్క మిద్దె మీద గ్లాసు అందుతుంది. పొద్దున ఆరు గంటలకు నీళ్లు పట్టేటప్పుడు మొదలవుతుంది మా మీటింగు. ఎండ మెడ మీదికి వచ్చేదాకా నడుస్తుంది.

మా మీటింగుకు పెద్ద వెనక ఇంటి అక్క. డెబ్భై దాటాయి. ఆమె మిద్దె మీద పదకొండు రకాల మందారాలున్నాయి. రెక్క మందారం, ముద్ద మందారం, పసుపు, తెలుపు, మిరపకాయలాగా ముడుచుకునే ఉండి ఎప్పటికీ విచ్చుకోని ఎర్రటిది. కొత్తగా ఎవరు మిద్దె ఎక్కినా ముందు మందారాలన్నీ చూపించి, తర్వాతే కూర్చోమంటుంది. ఎడమవైపు మాష్టారు. లెక్కలు చెప్పేవారు. ఆయనకు మొక్కల కంటే వాన పిచ్చి ఎక్కువ. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, బోర్లించి, అందులో స్కేలు పెట్టి వాన కొలుస్తారు. అది రాసే నోటు పుస్తకం ఇప్పుడు మూడోది. కోటమిట్ట నుంచి వచ్చే టైలర్ భాయ్‌కి గులాబీలూ పావురాలూ. ఆస్పత్రిలో నర్సుగా చేసే అమ్మాయి ఒకతె ఎదురింట్లో అద్దెకుంటోంది. ఆ అమ్మాయికి మిద్దె లేదు, కిటికీ గ్రిల్లు ఒక్కటే. దానికి శంఖుపూల తీగ పాకించింది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోయే ముందు ఎన్ని పూశాయో లెక్కపెట్టి కిందనుంచే "బాబాయ్, ఈరోజు తొమ్మిది!" అని అరిచి తలుపేసుకుంటుంది. ఇక పెన్న ఒడ్డు కాలనీలో ఉండే ఆటో తమ్ముడు. అతని సంగతి తర్వాత చెప్తాను, అది కాస్త పెద్దది.

నా సంగతి చెప్పాలంటే, రోజుకు ఆరేడొందల మందితో "జరగండి, జరగండి, లోపలికి జరగండి" అని అరిచిన గొంతు నాది. రిటైరైన మొదటి నెల ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడేవాళ్లు లేరు. ఊరికే ఉండలేక మా ఆవిడను కూడా వంటింట్లో లోపలికి జరగమన్నానంట. అంతలో 2020 లాక్‌డౌన్ వచ్చింది. మిద్దె ఎక్కడం ఒక్కటే మిగిలింది. పెయింటు బకెట్లకు ఇనప చువ్వ కాల్చి బొక్కలు పెట్టి మొదలుపెట్టాను. తర్వాత ఎవరో చెప్తే రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెలు తెచ్చాను. మన జిల్లాలో వాటికి కరువేముంది. మూడుసార్లు కడిగి ఎండబెట్టినా వాసన పోలేదు. వారం రోజులు మూలాపేట పిల్లులన్నీ మా మిద్దె మీదే కాపురం.

పనిముట్లు కూడా అట్లాంటివే. ఉదయగిరి సర్వీసు చేసేటప్పుడు అక్కడ చెక్క గరిటెలు కొనుక్కొచ్చాను. చాలా బాగా చేస్తారు అక్కడి వాళ్లు. అందులో పొడుగు పిడి ఉన్నది ఇప్పుడు నాకు మట్టి గుల్ల చేయడానికి పనికొస్తోంది. ఈ విషయం మా ఆవిడకు ఈ ఉత్తరం అచ్చయ్యాకే తెలుస్తుంది. ఇంకొకటి నా పాత టికెట్ ట్రే. టిమ్ములు, అదే టికెట్లు కొట్టే మిషన్లు, రాకముందు మాకు రేటుకొక టికెట్ కట్ట చొప్పున పెట్టుకునే ట్రే ఉండేది, గుర్తుందా? పాత సామాన్లలో పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు రూపాయి టికెట్లుండే గడిలో తోటకూర గింజలు, రెండు రూపాయల గడిలో బంతి, అయిదు రూపాయల గడిలో బీర. కనకాంబరం గింజలు మాత్రం చివరి గడిలో, లాంగ్ జర్నీ టికెట్ల దగ్గర. ఎందుకో కూడా చెప్తాను.

ముందు మీతో ఉన్న అసలు పేచీ. జూన్ మొదటి వారంలో మీ పేపర్లో "తొలకరి పలకరించింది, గింజలు చల్లండి" అని వేశారు. నేను నమ్మాను. బీర, బంతి, బెండ అన్నీ చల్లాను. మొలకలు బాగానే వచ్చాయి. తర్వాత మన పడమటి గాలి మొదలైంది. మధ్యాహ్నం మిద్దె తలుపు తీస్తే పెనం మూత తీసినట్టుండేది. నాలుగో రోజుకు బంతి మొలకలు బీడీ ముక్కల్లా అయిపోయాయి. రోజుకు మూడుసార్లు నీళ్లు పట్టినా బీర ఒక్కటే బతికింది. అదీ తీగ సాగకుండా మొండికేసింది.

అక్క పిట్టగోడ మీద చేతులు ఆనించి చూసి, "ఏందబ్బయ్యా, జూన్ నెలలో ఎవురన్నా గింజలేస్తారా?" అంది.

"పేపర్లో ఏసుండారక్కా."

"ఆ పేపరోళ్ల తొలకరి గోదారోళ్లకి. మన తొలకరి దసరా దాటినాక."

మాష్టారు వెంటనే లోపలికి పోయి నోటు పుస్తకం తెచ్చారు. ఆయన రాసుకున్న లెక్కలో జూన్ గడులు ఎక్కువ ఖాళీ. నవంబరు గడులు పట్టక పక్కన మార్జిన్‌లోకి పోయాయి. నైరుతి గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తడంతా అక్కడ దించుకుంటుందట. మన దాకా వచ్చేసరికి వేడి తప్ప ఏమీ మిగలదు. అక్టోబరులో గాలి తిరిగి ఈశాన్యం నుంచి, బంగాళాఖాతం మీదుగా వస్తేనే మనకు అసలు వాన. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసేదాంట్లో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. మన రైతుల పెద్ద పంట ఆ వానల మీద వస్తుంది. మిగతా జిల్లాలవాళ్లు పంట అంటే జూన్ నుంచి లెక్క వేస్తారు, మనం దాన్ని ఎడగారు అంటాం. ఇవన్నీ మీ విలేకరులకు తెలియనివి కావు. వ్యవసాయం పేజీలో సరిగ్గానే రాస్తారు. కుండీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాష్ట్రమంతటికీ ఒకటే టైంటేబుల్ వేస్తున్నారు. ఒకే టైంటేబుల్ మీద రెండు రూట్లు నడపలేమని నాకు బాగా తెలుసు.

"చిత్త కురిస్తే చింతలు కాస్తాయి" అంటుంది అక్క. చిత్త కార్తె అంటే అక్టోబరు రెండో వారం నుంచి. ఆమె బంతి నారు అందాజుగా దానికి కాస్త ముందు పోస్తుంది. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి పూలు కావాలి కదా. ఆ నెల రోజులూ ఆమె ముగ్గు చూడ్డానికి పక్క వీధి వాళ్లు కూడా వస్తారు. మల్లెకు సంక్రాంతి ముందు పది పదిహేను రోజులు నీళ్లు మాన్పిస్తుంది, పండగ వెళ్లగానే కొమ్మలు మోకాలి ఎత్తుకు కత్తిరించి మిగిలిన ఆకులు దూసేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత చక్కని మొక్కకు గుండు కొట్టిందేమిటి అనుకున్నాను. మార్చిలో ఆ పుల్లలకే చిగురుకొక మొగ్గ గుత్తి. సాయంత్రం అయిదింటికి అక్క మొగ్గలు కోస్తుంటే టక్ టక్‌మని చప్పుడు మా మిద్దెకు వినిపిస్తుంది. కోసినవి ఇంట్లో ఉంచుకోదు, పిట్టగోడ మీద అరటాకులో ఇంతింత పెట్టేస్తుంది. మా ఆవిడ ఫ్రిజ్ మీది పట్టిక ఆ నెలలో ఉంటే మాట్లాడేది కాదు.

తప్పులు చెప్పుకోవడం మా మీటింగులో ముఖ్యమైన అంశం. మీ పేజీలో ఎప్పుడూ గెలిచినవాళ్ల ఫొటోలే వస్తాయి, చేతిలో పెద్ద సొరకాయ పట్టుకుని. మాలో ఎవరి సొరకాయా ఫొటోకెక్కేంత కాలేదు. నేను ఒక అంటు గులాబీ కొన్నాను. లారీ దగ్గర కొన్నప్పుడు అరచేయంత ఎర్ర పువ్వుంది. ఆ పువ్వు రాలాక మొక్క అడుగు నుంచి ఒక కొమ్మ లేచింది. ఏం బలం, ఏం పచ్చదనం! దాన్ని కర్ర కట్టి నిలబెట్టి, వేపపిండి పెట్టి, అయిదు నెలలు సాకాను. ఆరడుగులైంది, మొగ్గ లేదు. పై కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. ఒక ఆదివారం భాయ్ వచ్చి, వంగి, మొదట్లో మట్టి వేలితో పక్కకు తీశాడు. అంటు కట్టిన ముడి చూపించాడు. నేను సాకిన కొమ్మ ఆ ముడికి కింద నుంచి వచ్చింది.

"అన్నా, నువ్వు పెంచింది గులాబీని కాదు, దాని కాళ్లను" అన్నాడు.

ముడి కింద ఉండేది అడవి గులాబీ వేరు. బలానికి పెడతారు దాన్ని. వదిలేస్తే అదే పైదాన్ని తినేస్తుంది. కత్తెర నా చేతిలో పెట్టి నన్నే కోయమన్నాడు. కోశాను. ఆరడుగుల కొమ్మ. మా ఆవిడకు చెప్పలేదు.

భాయ్ దగ్గరుండేవి నాటు గులాబీలు. చిన్నవి, లేత రంగు, రెండు రోజులు కూడా నిలవవు. కానీ గది తలుపు తీస్తే ముందు వాసన వస్తుంది, తర్వాత మనిషి కనపడతాడు. కుట్టుమిషన్ పక్కన కిటికీలో ఒక పువ్వు ఎప్పుడూ ఉంటుంది. మొక్కలకు ఏసీ నీళ్లు పోయమని మాకు నేర్పింది అతనే. మా బోర్లో నీళ్లు ఉప్పు, కుండీల అంచుల మీద తెల్లగా పేరుకుపోతుంది. నేను తెలివిగా ఇంట్లో ఆర్వో మిషన్ నుంచి పోయే వేస్టు నీళ్లు పట్టి పోశాను, నీళ్లు ఆదా అని. మందారం ఆకుల అంచులన్నీ మాడిపోయాయి. వడపోసిన ఉప్పంతా ఆ వేస్టు నీళ్లలోనే కదా ఉండేది, అన్నారు మాష్టారు. అంత సింపుల్ విషయం నాకు తోచలేదు. ఇప్పుడు మా వీధిలో ఎవరి ఏసీ పైపు కింద చూసినా ఒక బకెట్టుంటుంది. అది మాలో ఎవరిదో అయ్యుంటుంది.

ఇక ఆటో తమ్ముడి సంగతి.

వాళ్లమ్మ పూలు కట్టి రంగనాయకుల గుడి దగ్గర అమ్మేది. ఇంటి ముందు రెండు సెంట్ల జాగాలో కనకాంబరం వేసుకున్నారు. నాటు రకం, మరీ ఎరుపు కాదు, నారింజ తొక్క రంగు. కనకాంబరానికి వాసనుండదు కానీ బరువుండదు, తొందరగా వాడదు. మూర కట్టాలంటే మల్లె, మరువం మధ్యలో అదుంటేనే దండకు అందం. 2021 ఎండాకాలంలో తమ్ముడు నాకు ఒక గుప్పెడు ఎండిన కంకులు ఇచ్చాడు. "అన్నా, ఇవి ఉంచుకో, వానలకి ఎయ్యి" అన్నాడు. నేను టికెట్ ట్రేలో చివరి గడిలో పెట్టాను. వానలకు వేద్దామనుకుని, మర్చిపోయాను.

ఆ నవంబరులో ఏమైందో నెల్లూరు వాళ్లకు నేను చెప్పాలా? సోమశిల డ్యాం నుంచి వదిలిన నీళ్లతో పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కోసుకుపోయింది. తమ్ముడి ఇంట్లో నీళ్లు మంచం దాటాయి. మనుషులు బయటపడ్డారు, ఆటో కూడా బయటపడింది. నీళ్లు తీశాక నేను పోయి చూశాను. పూల జాగా మీద మోకాలి లోతు ఒండ్రు, నున్నగా, అప్పుడే అలికిన గచ్చులాగా. ఎక్కడ మొక్కలున్నాయో, ఎక్కడ దారుందో తెలియలేదు. వాళ్లమ్మ గడపలో కూర్చుని ఉంది. బియ్యం పోయాయని గానీ బట్టలు పోయాయని గానీ అనలేదు. "నా చెట్లన్నీ పొయినాయి నాయనా" అంది.

కొత్త మొక్కలు కొనివ్వొచ్చు. బజారులో ఢిల్లీ కనకాంబరం దొరుకుతుంది, పువ్వు పెద్దది, కొమ్మ నాటితే వస్తుంది. కానీ అది గింజ పట్టదు. పైగా ఆమెకు ఆ రంగు నచ్చదు, సిమెంటు రంగు అంటుంది. సిమెంటు ఎరుపెట్లా అయిందో నేను అడగలేదు.

ట్రే సంగతి నాకు జనవరిలో గుర్తొచ్చింది. మా ఆవిడ పండగకు ఇల్లు దులుపుతూ "ఈ గడ్డి పారేయనా?" అని అడిగింది. అప్పుడు.

ఆదివారం పొద్దున అందరం అక్క మిద్దె మీద చేరాం. కనకాంబరం గింజ తీయడం చూడని వాళ్లు ఒకసారి చూడాలి. ఎండిన కంకిలో చిన్న చిన్న కాయలు, గోధుమ గింజ కంటే కాస్త పెద్దవి, గట్టిగా మూసుకుని ఉంటాయి. చేత్తో వలిస్తే నలుగుతాయి. అక్క వెడల్పు పళ్లెంలో గుడ్డ పరిచి, కంకులు పెట్టి, చేత్తో నీళ్లు చిలకరించింది. ఏమీ కాలేదు. ఏడెనిమిది నెలలు ట్రేలో ఉన్నాయి, ప్రాణం పోయిందేమో అనుకున్నాం. మాష్టారు వాచీ చూస్తున్నారు. పళ్లెం మీదికి ఆరు తలలు వంగి ఉన్నాయి. వాళ్లమ్మ మాత్రం వంగలేదు, వెనక స్టూలు మీద కూర్చుంది.

టప్.

ఒక కాయ పగిలి గింజ నా కళ్లద్దాలకు తగిలింది. తర్వాత టప్, టప్, టప్, వేయించే పేలాల్లాగా. ఒకటి భాయ్ గడ్డంలో పడింది. నర్సు అమ్మాయి నవ్వుతూ నేల మీద పాకుతూ ఏరుతోంది. నలభై మూడు గింజలు దొరికాయి. నలభై నాలుగోది గడ్డంలోంచి తీశాం. పొదుపుగా ఆరు చోట్ల వేశాం, ఒకళ్ల దగ్గర పోతే ఇంకొకళ్ల దగ్గరుంటుందని. నెల దాటాక మొలకలొచ్చాయి, నా దగ్గర ఏడు, అక్క దగ్గర తొమ్మిది, మాష్టారి దగ్గర సున్నా. ఆయన సున్నా కూడా నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఎండాకాలమంతా నీడలో కాపాడి, జూలైలో మొక్కలు తీసుకెళ్లి ఆ ఒండ్రులో నాటాం. దసరాకు వాళ్లమ్మ మా ఇంటికి ఒక మూర దండ పంపింది. పసుపు నూలుతో కట్టిన, నారింజ తొక్క రంగు దండ. మా ఆవిడ తల్లో పెట్టుకోకుండా దేవుడి పటానికి వేసింది.

అప్పటినుంచి మాలో ఒక పద్ధతి పడింది. ఎవరికి ఏ గింజ, ఏ కొమ్మ ఇచ్చినా అది బతికి కాపుకొచ్చాక ఇంకొకరికి ఇవ్వాలి. భాయ్ దీనికి "రొట్టెల పండగ లెక్క" అని పేరు పెట్టాడు. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో చూస్తాం కదా, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక కోరి ఒకరి దగ్గర రొట్టె తీసుకున్నవాళ్లు, అది తీరాక మళ్లీ ఏడాది వచ్చి నీళ్లలో నిలబడి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. మాది కొమ్మల పండగ. ఒక్క మనీ ప్లాంటుకు మాత్రం ఈ రూలు లేదు. అది అడిగి తెచ్చుకుంటే కలిసిరాదట, దొంగతనంగానే తెచ్చుకోవాలట. మా మెట్ల మీది మనీ ప్లాంటు ప్రతి నెలా కాస్త కాస్త పొట్టిదవుతోంది. ఎవరో నాకు తెలుసు. అనను.

పూల గురించి మొదలుపెడతాం గానీ మాటలు ఎటెటో పోతాయి. మాష్టారి కొడుకు వేరే దేశం నుంచి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడితే, అందులో ఏడు నిమిషాలు వాతావరణమేనట. "నాకు వాన పిచ్చి ఉందని వాడికి తెలుసు, అదే మాట్లాడతాడు" అన్నారు ఒకరోజు, పిండినల్లి పట్టిన మందారం కొమ్మను నీళ్లతో కడుగుతూ. మేమేమీ అనలేదు. అక్క మాత్రం "లీటరు నీళ్లకి ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కలు సబ్బు నీళ్లు కలిపి కొట్టు మాష్టారూ, సాయంత్రం పూట కొట్టు, ఎండలో కొడితే ఆకు మాడతాది" అంది. ఆ సాయంత్రం ఆమే పోయి కొట్టొచ్చింది. నర్సు అమ్మాయికి ఇల్లు ఖాళీ చేయమన్నారు, గ్రిల్లు నుంచి నీళ్లు గోడ మీద కారుతున్నాయని. ఆ టెన్షన్లో వారం రోజులు పూలు లెక్కపెట్టలేదు. చివరికి కుండీల కింద పళ్లేలు పెట్టేటట్టు రాజీ కుదిరింది. పళ్లేలు మా ఇంటివి. ఈ సంగతి కూడా మా ఆవిడకు ఇప్పుడే తెలుస్తుంది.

సంపాదకులు గారూ, నేను అడిగేది పెద్ద విషయం కాదు. మీ జిల్లా ఎడిషన్లో వారానికొకసారి పావు పేజీ. నిపుణుల ప్రశ్న జవాబులు ఎట్లాగూ ఉన్నాయి, అవి ఉండనివ్వండి. ఇది మాలాంటివాళ్లం రాసుకునేది. కావలిలో ఎవరి సన్నజాజికి మొగ్గ రాలుతోంది, పొదలకూరులో నిమ్మ చెట్లు పెంచేవాళ్లు ఇంట్లో కుండీ నిమ్మను చూసి ఏమంటారు, ఎండాకాలం నీళ్లు సరిపోక ఎవరు ఏ మొక్కను వదులుకున్నారు, ఎవరి మిద్దె మీద ఏం చచ్చిపోయింది. చచ్చిపోయినవి తప్పకుండా వేయండి. జూన్‌లో బంతి వేసి పోగొట్టుకున్నవాడు ఇంకొకడు ఉన్నాడని తెలిస్తే నాకు ఎంత నిమ్మళమో చెప్పలేను. గింజలు మిగిలినవాళ్లు రాస్తే, కావలసినవాళ్లు అడుగుతారు. మా కనకాంబరం గింజలు ఇప్పుడు ట్రేలో మూడు గడులున్నాయి. స్టాంపులు అంటించిన కవరు మీ ఆఫీసుకు పంపితే వేసి పంపిస్తాను.

ఒకవేళ పావు పేజీ కుదరకపోతే, కనీసం నెల్లూరు ఎడిషన్లో "గింజలు చల్లండి" అన్న వార్త అక్టోబరుకు మార్చండి. ఇప్పుడు సెప్టెంబరు, ఇంకా టైముంది. దాంతోపాటు వానల ముందు పిట్టగోడ మీది కుండీలు కిందికి దించమని కూడా వేయండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, మా చామంతి కుండీ మాత్రం మా మిద్దె దాటి మాష్టారి రేకుల మీద పడింది. రేకు డబ్బులు ఇస్తానంటే ఆయన తీసుకోలేదు. ఆ బొక్క కిందే సీసా పెట్టి వాన కొలుస్తున్నారు.

ఈ ఉత్తరం ఇంతకంటే సాగదీయను, పని ఉంది. అక్క మిద్దె మీద బ్రహ్మకమలం మొగ్గ పది రోజులుగా తల వేలాడేసి ఉన్నది ఈ పొద్దున మెడ పైకెత్తింది. అట్లా ఎత్తిందంటే ఆ రాత్రే విచ్చుకుంటుంది. ఎనిమిదిన్నర తొమ్మిదికి మొదలై పదకొండు దాటేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. ఇది అసలు బ్రహ్మకమలం కాదని, అసలుది హిమాలయాల్లో ఉంటుందని, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమని, మన ఇళ్లలో ఉండేది మెక్సికో వైపు నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్ అని మాష్టారు ప్రతి ఏడూ చెప్తారు. "యాడ నించొస్తే ఏంది మాష్టారూ, మా ఇంట్లో పూసింది గదా" అని అక్క ప్రతి ఏడూ అంటుంది, పువ్వు ముందు అగరొత్తి గుచ్చి. ఈ రాత్రి కూడా అదే జరుగుతుంది. భాయ్ ఫ్లాస్కుతో టీ తెస్తాడు. తమ్ముడు వాళ్లమ్మను ఆటోలో తీసుకొస్తానన్నాడు. నర్సు అమ్మాయికి ఈరోజు నైట్ డ్యూటీ, పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక ఫొటో పంపమంది. ఫొటో తీయడం నాకు రాదు, అందుకని మా ఆవిడను కూడా పిలిచాను. వస్తానంది. ఫ్రిజ్ మీది కాగితం సంగతి ఎత్తకుండా ఉంటే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ కండక్టరు,
మూలాపేట, నెల్లూరు.